బ్యూనస్ ఐరిస్ 1977: కిటికీ దాకా నాలుగు నెలలు

ఇస్రాయెల్ అద్రియాన్ కయెతానో తీసిన ఈ సినిమా (2006) రెండోసారి చూశాను. మొదటిసారి కిటికీ సీన్ దగ్గర టెన్షన్ తట్టుకోలేక మధ్యలో ఆపేసి, కాసేపు అటూ ఇటూ తిరిగొచ్చి మళ్లీ కూర్చున్నాను.

ఇది నిజంగా జరిగిన కథ. 1976 మార్చి 24న అర్జెంటీనాలో సైన్యం అధికారం లాక్కుంది. మరుసటి ఏడాది నవంబరులో క్లాడియో తంబురీనిని ఎత్తుకుపోయారు. అతను అల్మాగ్రో క్లబ్బు గోల్‌కీపర్, ఫిలాసఫీ విద్యార్థి. దెబ్బలకు తాళలేక తెలిసినవాడొకడు అతని పేరు చెప్పేశాడు, అంతే. కేసు లేదు, కోర్టు లేదు. వైమానిక దళం గుప్పిట్లో ఉన్న మాన్సియోన్ సెరే అనే పాత బంగళాలో నాలుగు నెలలు బంధించారు.

నేనూ కాలేజీలో గోల్‌కీపర్‌గా ఆడినవాణ్ణే. అందుకేనేమో, క్లాడియోగా చేసిన రొద్రీగో దె లా సెర్నా చేతుల మీంచి నా చూపు కదల్లేదు. బంతి ఎటొస్తే అటు చాచాల్సిన చేతులకు సంకెళ్లు. రోజులు గడిచేకొద్దీ అతని భుజాలు లోపలికి ముడుచుకుపోతాయి. ఆ మార్పును అతను ఎక్కడా అతి చేయకుండా చూపించాడు. నాకు అన్నిటికన్నా భయం వేసింది ఆ బంగళా మామూలు ఇల్లులా ఉండటం వల్లే. మెట్లు, మంచాలు, స్నానాల గది, బయట రోడ్డు.

1978 మార్చి 24, సైనిక కుట్రకు సరిగ్గా రెండేళ్లు. ఆ రాత్రి నలుగురు, ఒంటిమీద బట్టల్లేకుండా, సంకెళ్లతోనే, దుప్పట్లు ముడేసుకుని పై అంతస్తు కిటికీలోంచి దిగారు. బయటపడ్డాక కూడా ఊపిరి తీసుకోనివ్వడు దర్శకుడు. వీధిలో కనిపించే ప్రతి కారూ వాళ్లదేమో అనిపిస్తుంది.

ఒక్క లోటు. బయట దేశంలో ఏం జరుగుతోందో దాదాపు చెప్పడు. సైనిక పాలనలో ఇలా ఎత్తుకుపోగా మాయమైనవాళ్లలో 8,960 మంది వివరాలను తర్వాత ప్రభుత్వ విచారణ సంఘమే నమోదు చేసింది. అది తెలిసి చూస్తే ఆ గదుల బరువు ఇంకా అర్థమవుతుంది.

వాళ్లు పారిపోయాక ఆ బంగళాను తగలబెట్టారు. ఆ నలుగురిలో ఒకడైన గియెర్మో ఫెర్నాండెజ్ 1985లో సైనిక పాలకుల విచారణలో సాక్ష్యం చెప్పాడు. ఆ సంగతి తెలిశాకే సినిమా మళ్లీ పెట్టుకున్నాను. అతను చిన్న స్క్రూతో కిటికీ గడియ తెరుస్తున్నంతసేపూ ఈసారి ఆపకుండా చూశాను.