సెబీనా, ఆర్‌బీఐనా, నాబార్డా: మన పిల్లలకు ఏది మేలు?

మా అక్క కొడుకు నల్లగొండలో ఎం.కాం. చివరి సెమిస్టర్‌లో ఉన్నాడు. మొన్న ఇంటికొచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. "మామా, ఇది చూడు. వరల్డ్ బ్యాంక్‌ల ఫైనాన్షియల్ సెక్టార్ స్పెషలిస్ట్ అంట. ఇట్లాంటిది రావాలంటే ఇప్పుడు దేనికి చదవాలె? సెబీనా, ఆర్‌బీఐనా, నాబార్డా?" సెబీ షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ, ఆర్‌బీఐ అంటే రిజర్వ్ బ్యాంకు, నాబార్డ్ వ్యవసాయ, పల్లె రుణాలకు తోడ్పడే జాతీయ బ్యాంకు. గ్రామీణ బ్యాంకులో చేసి రిటైరయ్యాను కాబట్టి మామకు అన్నీ తెలుసని వాడి నమ్మకం.

ప్రకటన కిందికి జరిపి చూస్తే పదేళ్ల అనుభవం అడిగారు. కాబట్టి అసలు ప్రశ్న ఆ పదేళ్లు ఎక్కడ గడపాలన్నదే.

ముందు ఆ పనేంటో వాడికి అర్థం కావాలి. షేర్లు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు వేరు. ఈ స్పెషలిస్టుల పని అంగడి కుదిర్చే పని. కాంటా ఎవరు తనిఖీ చేయాలి, సొమ్ము ఎన్నిరోజుల్లో చేతికి రావాలి, మోసం జరిగితే ఎవరి దగ్గరికి పోవాలి, ఇవన్నీ తేల్చాలి. ఉదాహరణకు పాలమూరే చాలు. 2003లో వాన ఆధారంగా చెల్లించే పంట బీమాను మన దేశంలో మొదట ప్రయత్నించింది మహబూబ్‌నగర్ జిల్లాలోనే. పల్లి, ఆముదం రైతులు రెండు వందల పైచిలుకు మంది చేరారు. పాలసీ ఇచ్చింది ఐసీఐసీఐ లాంబార్డ్. ఊళ్లలోకి తీసుకెళ్లింది పల్లెల్లో చిన్న రుణాలిచ్చే బేసిక్స్ సంస్థ, మహబూబ్‌నగర్ కేంద్రంగా 2001లో మొదలైన దాని కృష్ణా భీమా సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంకు. సాంకేతిక సాయం వరల్డ్ బ్యాంకుది. చేను చూడ్డానికి ఎవరూ రారు. వర్షమాపకంలో వాన ఇంతకంటే తగ్గితే ఇంత డబ్బు, అంతే. వినడానికి బాగానే ఉంది. కానీ వర్షమాపకం దగ్గర వాన పడి, నా చేలో పడకపోతే? ఆ తేడాను ఎలా తగ్గించాలో ఆలోచించేవాడే వాడు ఫోన్‌లో చూపించిన స్పెషలిస్టు. ఆముదం ఏ నెలలో నీళ్లు అడుగుతుందో తెలియకుండా ఆ లెక్క కుదరదు.

ఇక మూడింటి సంగతి.

సెబీ 1988లో పుట్టినా, చట్టబద్ధమైన అధికారాలు 1992లో వచ్చాయి. ఆ ఏడాదే షేర్ మార్కెట్‌లో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ)లో ట్రేడింగ్, 1996లో షేర్లను కాగితం లేకుండా ఖాతాలో ఉంచే డీమ్యాట్ కోసం ఎన్‌ఎస్‌డీఎల్ సంస్థ మొదలయ్యాయి. 2023 జనవరికల్లా షేర్ల లావాదేవీలన్నీ మరుసటి పనిదినానికే సెటిల్ అయ్యే పద్ధతిలోకి వచ్చాయి. ఇదంతా కట్టిన అనుభవం బయటి దేశాలకు కావాలి. సెబీలో ఆఫీసర్‌గా చేరే గ్రేడ్ ఎ పరీక్షలో జనరల్ విభాగానికి మామూలు డిగ్రీ చాలదు. పీజీ, లా, ఇంజినీరింగ్, సీఏ లాంటిదేదో ఉండాలి. మావాడి ఎం.కాం. సరిపోతుంది, పైగా రెండో పేపర్‌లో అకౌంట్స్, కాస్టింగ్, కంపెనీల చట్టం వాడు చదివినవే. ఇబ్బందల్లా ఒకటే, ఉద్యోగం చాలావరకు ముంబైలోనే.

ఆర్‌బీఐ అంటే మనవాళ్లకు నోట్లు, వడ్డీ రేట్లే గుర్తొస్తాయి. కేపిటల్ మార్కెట్, అంటే షేర్లు, బాండ్ల అంగడి అనగానే సెబీ అంటారు. సగం నిజమే. ప్రభుత్వం అప్పు కోసం అమ్మే బాండ్ల వేలం నడిపేది ఆర్‌బీఐ. మామూలు మనిషి నేరుగా ఆ బాండ్లు కొనుక్కునేలా 2021 నవంబర్‌లో రిటైల్ డైరెక్ట్ పథకం తెచ్చింది కూడా అదే. బాండ్ల ధర తేలని దేశంలో కంపెనీ అప్పుకు వడ్డీ ఎంతో తేల్చడం కష్టం, అందుకే బయటి సంస్థలు ఈ పని తెలిసినవాళ్లను వెతుక్కుంటాయి. శ్యామలా గోపీనాథ్ కథ చూడండి. 1972లో ఆర్‌బీఐలో చేరారు, 2001 నుంచి 2003 దాకా అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)లో సీనియర్ ఫైనాన్షియల్ సెక్టార్ ఎక్స్‌పర్ట్‌గా చేశారు, 2004లో డిప్యూటీ గవర్నర్ అయ్యారు. మావాడు చూపించిన ప్రకటనకు అచ్చు నమూనా ఈ దారే. మన తెలుగువాళ్లు వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు పేర్లు చెప్పి కోచింగ్ సెంటర్లు ఊరిస్తుంటాయి గానీ, వాళ్లిద్దరూ ఐఏఎస్ నుంచి వచ్చి గవర్నర్లయ్యారు. ఆర్‌బీఐ ఆఫీసర్ పరీక్ష గ్రేడ్ బి పాసైతే గవర్నర్ కుర్చీ అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

నాబార్డ్ 1982 నుంచి ఉంది. 1992లో 500 పొదుపు సంఘాలతో మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ, అంటే సంఘాలకు బ్యాంకు రుణాలు ఇప్పించే పద్ధతి, తర్వాత మన ఊళ్లలో ఇంటింటికీ తెలిసిందే. ఆఫీసర్‌గా చేరితే ఏదో ఒకరోజు జిల్లాకు నాబార్డ్ ప్రతినిధిగా, అంటే డీడీఎంగా రావచ్చు, జిల్లా రుణ అవకాశాల ప్రణాళిక రాయవచ్చు. పరీక్షలో వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి పేపర్ ఉంటుంది, బత్తాయి తోటల మధ్య పెరిగిన పిల్లలకు అది కొత్త కాదు. నాబార్డ్ కూడా బాండ్లు అమ్మి మార్కెట్లో డబ్బు సమీకరిస్తుంది, కానీ అందరికీ ఆ విభాగంలో పని దొరకదు.

జీతం గురించి అక్క అడగకుండా ఉంటుందా! 2025 ప్రకటనల్లో మొదటి బేసిక్ ఆర్‌బీఐ గ్రేడ్ బికి 78,450 రూపాయలు, సెబీకి 62,500, నాబార్డ్‌కు 44,500. పోస్టులు మాత్రం ఒక్కోదాంట్లో వంద అటూ ఇటూ. టెన్షన్ ఉండేది అక్కడే.

నా లెక్క ఇది. బయటి దేశాల్లో సలహాదారు కావాలన్న కోరిక గట్టిగా ఉంటే మొదటి గురి ఆర్‌బీఐ. ఎందుకంటే బ్యాంకుల తనిఖీ, బాండ్లు, విదేశీ మారకం, చెల్లింపులు ఒకే సంస్థలో చూడొచ్చు. చట్టం, అకౌంట్స్ మీద ఇష్టమున్నవాళ్లకు సెబీ మేలు, ఒకే విషయంలో లోతు దొరుకుతుంది. ఊరికి దగ్గరగా ఉండి పల్లె రుణాల పని చేయాలనుకుంటే నాబార్డ్‌ను మూడో స్థానంలో పెట్టకండి, మొదటిదే అనుకోండి. మావాడికి ఇరవై మూడేళ్లు, మూడింటికీ జనరల్ కేటగిరీ వయసు హద్దు ముప్ఫై. ఆర్‌బీఐకి చదువుతూ సెబీకీ రాయమన్నాను, ఫైనాన్స్ భాగం చాలావరకు కలుస్తుంది.

మధ్యలో గ్రామీణ బ్యాంకులో ఆఫీసర్ ఉద్యోగం వస్తే చేరిపొమ్మని కూడా చెప్పాను. వాడికది నచ్చలేదు. "మామా, మళ్ల నీ బ్యాంకేనా!" అన్నాడు. మూడేళ్లు పంట రుణాల రెన్యువల్ చేసినవాడికి వానబీమా కాగితం మీద ఎందుకు చక్కగా ఉంటుందో, చేలో ఎందుకు తేడా కొడుతుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు. వాడి నవ్వు చూస్తే ఈ మాట చెవికెక్కినట్టు లేదు.

వెళ్లేముందు అక్క ఇంకోటి అడిగింది. "ఆ వరల్డ్ బ్యాంకోళ్లు పర్మనెంట్ చేస్తరారా?" చాలామంది మొదట షార్ట్ టర్మ్ కన్సల్టెంట్లుగానే అడుగుపెడతారు. ఏడాదికి 150 రోజులకు మించి పని ఉండదు, పింఛన్ ఉండదు. ఆ మాట విన్నాక అక్క నాబార్డ్ వైపు మొగ్గింది. మావాడు ఇంకా ఎటూ తేల్చుకోలేదు.