మన ఎండకు 400 ఫిల్ము: హెచ్‌పీ5 ప్లస్ కొన్నేళ్లు వాడిన తరువాత

నలుపు తెలుపు చిత్రంలో నిండైన ఛాయలు కావాలంటే తక్కువ వేగమున్న, అంటే వెలుతురుకు నెమ్మదిగా స్పందించే ఫిల్మే వాడాలని, 400 వేగమున్న ఫిల్ము చీకటి వేళలకు మాత్రమే పనికివస్తుందని ఒక అభిప్రాయం గట్టిగా నాటుకొని ఉంది. విజయవాడ ఎండలో కొన్నేళ్లుగా ఇల్ఫోర్డ్ కంపెనీ 400 ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్ వాడుతున్న నేను దానితో ఏకీభవించలేను. గ్రెయిన్ (చిత్రంలో కనబడే రేణువులు) సన్నగా ఉండాలనుకునే వారికి అదే కంపెనీ 125 వేగమున్న ఎఫ్‌పీ4 ప్లస్ ఇప్పటికీ మేలైనదే. అయితే గ్రెయిన్ వేరు, ఛాయలు వేరు.

ఉండవల్లిలో కొండను తొలిచిన నాలుగంతస్తుల గుహాలయం ముందు మధ్యాహ్నం నిలబడితే మన వెలుతురు ఎంత కఠినమైనదో తెలుస్తుంది. ముఖభాగం ఎండకు తెల్లబడి ఉంటుంది, స్తంభాల వెనుక మాత్రం చిక్కటి నీడ. అటువంటి చోట ఈ ఫిల్మును 400గా కాక 250గా లెక్కించి, వివరం కనబడవలసిన నీడను మీటరుతో కొలిచి, ఆ కొలతకు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) తగ్గించి తీస్తాను. తరువాత డెవలపింగ్ సమయంలో సుమారు ఐదో వంతు తగ్గిస్తాను. 250గా లెక్కించడంతో పెరిగిన ఎక్స్‌పోజర్ వల్ల నీడలకు ప్రాణం వస్తుంది, తక్కువ డెవలపింగ్ వల్ల ఎండ పడిన రాయి నెగటివ్‌లో మూసుకుపోకుండా నిలుస్తుంది. లోపల శయనించిన విష్ణుమూర్తిని స్టాండు లేకుండా తీయాలంటే వేరే రీలు పెట్టి 800గా లెక్కిస్తాను. ఆ రీలును నీరు కలపని ఐడీ-11 డెవలపర్ ద్రావణంలో 20 డిగ్రీల వద్ద పదిన్నర నిమిషాలు ఉంచాలి. ఇలా పుష్ చేసినప్పుడు, అంటే వేగం పెంచి లెక్కించి ఎక్కువసేపు డెవలప్ చేసినప్పుడు, మధ్య ఛాయలూ వెలుగులూ పెరుగుతాయే తప్ప, ఫిల్ము మీద పడని నీడ ఎంతసేపు ఉంచినా పుట్టదు. నిండైన ఛాయల కోసమే ఈ ఫిల్ము కొనేవారు పుష్ మీద ఆశ పెట్టుకోకూడదు.

వేగం వల్ల కలిగే అసలు లాభం నాకు గుంటూరు మిర్చి యార్డులో తెలిసింది. ఫిల్టరు లేకుండా తీస్తే ఎండుమిర్చి రాశి ముదురు ముద్దగా కనబడుతుంది. నారింజ ఫిల్టరు పెడితే ఎరుపు తేలికపడి, కాయల ముడతలూ మెరుపూ విడివిడిగా తెలుస్తాయి. కాని ఆ ఫిల్టరు సుమారు రెండు స్టాపుల వెలుతురును మింగుతుంది. షెడ్డు నీడలో 400 ఫిల్ముతో ఎఫ్/5.6 లెన్సు ద్వారం వద్ద 1/60 సెకను షట్టరు దొరికే చోట 125 ఫిల్ముతో 1/20 కూడా కష్టమే. అంత నెమ్మది షట్టరుకు టిక్కీ (మిర్చి బస్తా) మోస్తున్న ముఠా కూలీ చిత్రంలో చెదిరిపోతాడు. ఈ ఫిల్టరు మనుషుల ముఖచ్ఛాయను కూడా తెల్లబరుస్తుంది కనుక, ముఖమే ముఖ్యమైన చోట దానిని తీసివేస్తాను.

ఈ ఫిల్ముకు లోపం లేకపోలేదు. మబ్బు పట్టిన రోజున ప్రకాశం బ్యారేజీని తీస్తే, నీరూ ఆకాశమూ ఒకే బూడిద రంగులో కలిసిపోయి చిత్రం చప్పగా ఉంటుంది. అప్పుడు డెవలపింగ్ పెంచాలి, లేదా కోడాక్ ట్రై-ఎక్స్ 400 వాడాలి. 35 ఎంఎం రూపంలో 1954లో వచ్చిన ఆ ఫిల్ముకు నలుపులో బిగువు ఎక్కువ; వానాకాలానికి నేను దానినే ఎంచుకుంటాను. కోడాక్‌దే మరో ఫిల్ము టీ-మ్యాక్స్ 400లో గ్రెయిన్ మరింత సన్నన, కాని డెవలపింగ్‌లో చిన్న తేడానైనా అది ఎత్తి చూపుతుంది.

ఆ తేడా ఇక్కడ తప్పించుకోవడం సులభం కాదు. మే నెలలో మేడ మీది ట్యాంకు నీరు చేయి పెట్టలేనంత వేడిగా వస్తుంది. 20 డిగ్రీలకు పట్టుబట్టడం మాని, ఐస్ వేసిన తొట్టిలో అన్ని ద్రావణాలనూ, కడిగే నీటినీ 24 డిగ్రీల వద్ద నిలపడం మేలు. ఐడీ-11ను సమానంగా నీటితో కలిపితే 20 డిగ్రీల వద్ద 13 నిమిషాలు పట్టేది 24 వద్ద సుమారు 9కి దిగుతుంది. తీవ్రమైన ఎండలో తీసిన రీలుకు నేను ఏడు, ఏడున్నర నిమిషాలతో ఆపుతాను. నీరు కలపకుండా వాడితే సమయం ఐదు నిమిషాల దగ్గరకు పడిపోయి, ఆకాశం మచ్చలు మచ్చలుగా వచ్చే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రీలును గది వేడికి వచ్చేవరకు డబ్బా మూత తీయకుండా ఉంచాలి, లేకపోతే మన ఉక్కకు దాని మీద తేమ పడుతుంది.

పెద్ద ప్రింట్లు చేయించేవారు ఇదే ఫిల్మును 120 రోల్‌లో (35 ఎంఎం కన్నా వెడల్పైన రీలు) తీసుకోవడం మంచిది. నెగటివ్ పెద్దది కావడంతో గ్రెయిన్ దాదాపు కంటికి ఆనదు.