సీక్రెట్ నెట్‌వర్కా, ఒయాసిస్ సఫైరా: కాంట్రాక్టుకి లావాదేవీ పంపడానికి ఏది మేలు?

రెండూ కాంట్రాక్టుల (చెయిన్ మీద తమంతట నడిచే ప్రోగ్రాముల) డేటాని దాచే బ్లాక్‌చెయిన్‌లే. రెండిట్లోనూ కాంట్రాక్టు నడిచేది ఇంటెల్ ఎస్‌జీఎక్స్ ఎన్‌క్లేవ్‌లోనే, అంటే ప్రాసెసర్‌లో బయటివారు చూడకుండా వేరుచేసిన భాగంలో. పంపినవారి అడ్రస్, కాంట్రాక్టు అడ్రస్, వాడిన గ్యాస్ (లావాదేవీ పనికి కొలత, ఫీజు దీన్నిబట్టే), జతచేసిన నేటివ్ కాయిన్ (చెయిన్ సొంత నాణెం) మొత్తం రెండిట్లోనూ అందరికీ కనిపిస్తాయి. దాగేది సందేశం, కాంట్రాక్టు స్టేట్ (అది దాచుకున్న డేటా). ఇంత పోలిక ఉన్నప్పుడు "ఏది ఎక్కువ ప్రైవేట్?" అనే ప్రశ్న పెద్దగా తేల్చేదేమీ లేదు. ఎన్‌క్రిప్షన్ దశలో పొరపాటు జరిగితే ఏమవుతుందో చూడండి, తేడా అక్కడుంది.

సఫైర్ ఈవీఎం చెయిన్, అంటే ఇథీరియం ప్రోగ్రాములు నడపగలది. సాలిడిటీ భాష, మెటామాస్క్ వాలెట్, ఈథర్స్ లైబ్రరీ అన్నీ అలాగే పనిచేస్తాయి. చేయాల్సిందల్లా సైనర్‌ని (లావాదేవీకి సంతకం పెట్టే కోడ్‌ని) ఎన్‌క్రిప్ట్ చేసే సఫైర్ లైబ్రరీతో ర్యాప్ చేయడం. ఆ ఒక్క లైను మరిచిపోయినా లావాదేవీ ఆగదు. రిసీట్‌లో సక్సెస్ అనే వస్తుంది, యూజర్‌కి ఏ తేడా తెలియదు. కానీ కాల్‌డేటా (కాంట్రాక్టుకి పంపిన సందేశం) మామూలు టెక్స్ట్‌గా బ్లాక్‌లోకి వెళ్లి శాశ్వతంగా ఉండిపోతుంది. సీల్డ్ బిడ్ వేలం రాశారనుకోండి: కోడంతా సరిగ్గానే ఉంటుంది, బిడ్ మొత్తం మాత్రం ఎవరైనా చదవొచ్చు. వెనక్కి తీసుకునే దారి లేదు.

సీక్రెట్‌లో ఇదే పొరపాటు చేస్తే లావాదేవీ ఫెయిలవుతుంది. ఎన్‌క్లేవ్ సందేశాన్ని డిక్రిప్ట్ చేయబోయి, కుదరక తిప్పికొడుతుంది. ఫీజు పోతుంది, పంపిన ఆ ఒక్క సందేశం బ్లాక్‌లో కనిపించిపోవచ్చు, కానీ పొరపాటు వెంటనే బయటపడుతుంది. నా ఓటు సీక్రెట్‌కి పడేది ప్రధానంగా ఇందుకే. పైగా సీక్రెట్ జావాస్క్రిప్ట్ లైబ్రరీ అయిన సీక్రెట్‌జేఎస్ ఎగ్జిక్యూట్ మెసేజ్‌ని తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మెట్టే లేదు. మెమోలో (లావాదేవీకి జతచేసే నోట్‌లో) రాసింది మాత్రం బహిరంగమే.

అయితే అక్కడా తగిలే రాళ్లున్నాయి. గ్యాస్ లిమిట్ ఇవ్వకపోతే లైబ్రరీ 25,000 పెడుతుంది. కాంట్రాక్టు ఎగ్జిక్యూట్‌కి అది చాలక అవుట్ ఆఫ్ గ్యాస్ వస్తుంది. ముందు సిమ్యులేట్ చేసి, వచ్చిన అంకెకి పది శాతం కలిపి ఇవ్వండి. కోడ్ హ్యాష్ (కాంట్రాక్టు కోడ్‌కి వేలిముద్ర లాంటిది) కూడా మీరే ఇవ్వండి, లేకపోతే లైబ్రరీ దాన్ని నోడ్‌ని (నెట్‌వర్క్‌లోని కంప్యూటర్‌ని) అడిగి తెచ్చుకోవాలి, ఆలస్యం. ఎన్‌క్రిప్షన్ సీడ్ (ఎన్‌క్రిప్షన్ కీలు పుట్టించే రహస్య సంఖ్య) సంగతి మరీ ముఖ్యం: దాన్ని భద్రపరచకుండా రాండమ్‌గా వదిలేస్తే, పేజీ రిఫ్రెష్ అయ్యాక మీ లావాదేవీ జవాబు మీకే చదవడం కుదరదు. కెప్లర్ వాలెట్ వాడేవారు దాని ఎనిగ్మా యుటిల్స్‌ని (ఎన్‌క్రిప్షన్ పనిముట్లని) సీక్రెట్‌జేఎస్ క్లయింట్‌కి ఇస్తే సరిపోతుంది. బ్యాలెన్స్ చూడటానికి వ్యూయింగ్ కీ (పాస్‌వర్డ్ లాంటిది) పెట్టాలంటే ఒక లావాదేవీ ఖర్చు. పర్మిట్ అనే మరో పద్ధతికి సంతకం చాలు, గ్యాస్ లేదు.

సందేశం పొడవు కూడా కథ చెబుతుంది. "అవును", "కాదు" అనే ఓట్లు ఎన్‌క్రిప్ట్ అయినా వేర్వేరు పొడవుల్లో బయటపడతాయి. ప్యాడింగ్ (అర్థంలేని అదనపు అక్షరాలు) పెట్టి అన్నిటినీ ఒకే పొడవుకి తేవాలి. గ్యాస్ వాడకం తేడా కూడా ఇంతే. సఫైర్‌లో దీనికి గ్యాస్‌ని ఒకే అంకెకి తెచ్చే ప్యాడ్‌గ్యాస్ ఉంది.

ఎస్‌జీఎక్స్‌నే నమ్మలేనంటారా? 2022లో పరిశోధకులు ఎస్‌జీఎక్స్ లోపం ద్వారా సీక్రెట్ నెట్‌వర్క్ కన్సెన్సస్ సీడ్‌నే (దాని ఎన్‌క్రిప్షన్‌కి మూలమైన కీని) బయటకు తీశారు, కాబట్టి ఆ అనుమానం న్యాయమైనదే. అలాంటివారికి అలియో, అజ్‌టెక్ చెయిన్‌లు ఉన్నాయి: ప్రైవేట్ భాగానికి ప్రూఫ్ (డేటా చూపకుండానే లెక్క సరైనదనే రుజువు) మీ మెషీన్‌లోనే తయారవుతుంది, అందుకు సమయం పడుతుంది. రాసే పద్ధతే వేరు కాబట్టి ఈ పోలికలో ఇంతకు మించి లాగను.

సాలిడిటీ కోడ్ ఇప్పటికే చేతిలో ఉంటే సఫైరే తీసుకోండి, తిరగరాయడం వృథా. అయితే వ్యూ కాల్స్‌లో (లావాదేవీ లేకుండా డేటా చదివే పిలుపుల్లో) పంపినవారి అడ్రస్ సున్నాగా వస్తుందని గుర్తుంచుకోండి; ఓనర్ తనిఖీ ఉన్న వ్యూకి సంతకం చేసిన క్వెరీ కావాలి. మెయిన్‌నెట్ చెయిన్ ఐడీ 23294కి వెళ్లేముందు టెస్ట్‌నెట్ 23295లో ప్రతి ఫంక్షన్‌నీ ఒకసారి పిలిచి, చెయిన్‌లో పడిన కాల్‌డేటా మొదటి 4 బైట్లు చూడండి. అవి మీ ఫంక్షన్ సెలెక్టర్‌తో (ఫంక్షన్‌ని గుర్తుపట్టే 4 బైట్లతో) సరిపోతే సైనర్ ర్యాప్ కాలేదన్నట్టే. ఈ తనిఖీని ఆటోమేటిక్ టెస్టుగా పెట్టి, అది పాస్ కాకుండా డిప్లాయ్ అవ్వకుండా చేయండి.