పన్నెండేళ్లుగా వింటున్న ఐదు పాటలు

ఎంఎస్ కోసం టెక్సాస్ వచ్చిన కొత్తలో ఒక రాత్రి రూమ్మేట్ తన హెడ్‌ఫోన్స్ నా చెవులకి తగిలించాడు. రెండో పాట సగానికి వచ్చేసరికి ఓపిక నశించి "ఇంకెప్పుడు పాడతార్రా వీళ్లు" అని అడిగా. పాడరు అన్నాడు. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో కాస్త బీజీఎం, నాకు తెలిసిన పాట అంటే అంతే. ఇక్కడ నలభై ఐదు నిమిషాలూ బీజీఎమ్మే. హెడ్‌ఫోన్స్ తీసిచ్చేసి పప్పు పోపు పెట్టుకోడానికి వెళ్లిపోయా.

ఆ ఆల్బమ్ 'ది ఎర్త్ ఈజ్ నాట్ ఎ కోల్డ్ డెడ్ ప్లేస్'. ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ద స్కై అనే ఆస్టిన్ బ్యాండ్‌ది, 2003లో టెంపరరీ రెసిడెన్స్ అనే చిన్న లేబుల్ మీద వచ్చింది. నలుగురే మనుషులు. ముగ్గురు గిటార్ వాయిస్తారు, అందులో ఒకతను బేస్ కూడా చూసుకుంటాడు, నాలుగో అతను క్రిస్ హ్రాస్కీ, డ్రమ్స్. గిటార్ వాళ్లు ముగ్గురిదీ మిడ్‌లాండ్, పశ్చిమ టెక్సాస్‌లో ఆయిల్ ఊరు.

నాకు ఈ ఆల్బమ్ ఎక్కింది కూడా ఆ ఊరి పుణ్యమానే. ఉద్యోగంలో చేరాక ఒక క్లయింట్ కోసం డల్లాస్ నుంచి మిడ్‌లాండ్‌కి దాదాపు ఏడాదిన్నర తిరిగా, ఐ-20 హైవే మీద ఐదు గంటల డ్రైవింగ్, అబిలీన్ దాటాక చెట్టూ చేమా తగ్గిపోయి ఎటు చూసినా నేలా ఆకాశమే. ఫోన్లో ఉన్న తెలుగు పాటలన్నీ అయిపోయాక ఒక రోజు ఇది పెట్టా. స్వీట్‌వాటర్ దగ్గర గాలిమరలుంటాయి, వందల్లో. రాత్రిపూట వాటి మీదున్న ఎర్ర లైట్లన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోతాయి. మొదటి పాట 'ఫస్ట్ బ్రెత్ ఆఫ్టర్ కోమా' ఒకే ఒక్క గిటార్ స్వరంతో మొదలవుతుంది, అదే స్వరం మళ్లీ మళ్లీ, దాని కింద కాసేపటికి డ్రమ్ గుండె కొట్టుకున్నట్టు చేరుతుంది. పేరుకి తగ్గట్టే, కోమాలోంచి మనిషి మెల్లగా కళ్లు తెరుస్తున్నట్టు. ముందు ఆ లైట్లు, లోపల ఈ దడ. ఇంటికొచ్చాక రూమ్మేట్‌కి ఫోన్ చేసి సారీ చెప్పా.

రివ్యూలు అప్పట్లో చాలావరకు బాగానే వచ్చాయి. ఎక్కువమంది ఇలాగే ఎక్కువగా వాయిద్యాల మీదే నడిచే మొగ్వాయ్, గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ అనే బ్యాండ్లతో పోల్చారు. గట్టిగా వినపడిన కంప్లైంట్ ఒకటే: మెల్లగా మొదలుపెట్టడం, పెంచుకుంటూ పోవడం, చివర్లో బద్దలవడం, ఐదు పాటలకీ ఇదే వరస అని. తర్వాత ఇదే పద్ధతిని అరువు తెచ్చుకున్న బ్యాండ్లు బోలెడు వచ్చాయి, ఆ గుంపుకి క్రెసెండోకోర్ (క్రెసెండో అంటే శబ్దం పెంచుకుంటూ పోవడం) అని వెటకారంగా ఒక పేరు కూడా పడింది. కంప్లైంట్‌లో సగం నిజం ఉంది. 'ది ఓన్లీ మూమెంట్ వియ్ వర్ అలోన్' చివర్లో అంతా సద్దుమణిగి ఇక అయిపోయింది అనుకున్నాక ఒక్కసారిగా విరుచుకుపడే చోట మొదట్లో ఒళ్లు జలదరించేది, ఇప్పుడు ఎక్కడొస్తుందో తెలుసు కాబట్టి స్టీరింగ్ మీద వేళ్లు ముందే రెడీ అయిపోతాయి. పాతబడిపోయింది అదే. దానికి ముందున్న మెత్తటి భాగం, రెండు గిటార్లు ఒకదాని మాట ఒకటి అందుకుంటున్నట్టు ఉంటుందే, అది మాత్రం పాతబడలేదు. హ్రాస్కీ ఎక్కడ కొట్టకుండా ఆగుతున్నాడో వినడానికే నాకు చాలా ఏళ్లు పట్టింది.

'యువర్ హ్యాండ్ ఇన్ మైన్' గురించి వేరే చెప్పక్కర్లేదు, 2004లో 'ఫ్రైడే నైట్ లైట్స్' సినిమాకి ఈ బ్యాండ్‌నే సంగీతం చేయమన్నారు, అందులో ఈ పాటని వయొలిన్లు చేర్చి వాడారు. ఆ సినిమా కథ ఒడెస్సాలోని ఒక హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌ది, మిడ్‌లాండ్ పక్క ఊరే. పక్క ఊరి కథకి పక్క ఊరి కుర్రాళ్లే వాయించడం, నాకైతే భలే నచ్చింది. సినిమాలో వయొలిన్లు కాస్త ఎక్కువ కన్నీళ్లు పిండాయి, ఆల్బమ్‌లో ఉన్నదే నయం.

లోపం ఒకటుంది, కార్లో వినేవాళ్లకి తప్పదు. మెత్తటి చోట టైర్ల చప్పుడుకీ ఏసీకీ ఏమీ వినపడదు, వాల్యూమ్ పెంచుతాం, రెండు నిమిషాల్లో చెవులు పగులుతాయి. అర్ధరాత్రి రెస్ట్ ఏరియాలో పక్క ట్రక్ డ్రైవర్ లేచి కిటికీలోంచి చూశాడు ఒకసారి. మా ఆవిడ అభిప్రాయం పన్నెండేళ్లలో అంగుళం కూడా మారలేదు: "ఏంటండీ ఇది, టైటిల్స్ పడుతూనే ఉన్నాయి, సినిమా ఎప్పుడు మొదలవుతుంది?"

కొత్తగా వినేవాళ్లు చివరి పాట 'యువర్ హ్యాండ్ ఇన్ మైన్'తో మొదలుపెట్టండి, తర్వాత వరసగా వెళ్లండి, షఫుల్ మాత్రం వద్దు. నాలుగో పాట 'మెమోరియల్' ఎంతకీ కదలదు, నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా మొదటి రెండు నిమిషాల దగ్గరే ఆగిపోతా. మొన్న మిడ్‌లాండ్ దారిలో బిగ్ స్ప్రింగ్ అనే ఊరి దగ్గర కూడా ఆ పాట దాటేశా.