వేడినీళ్లలో ముంచి కరిచే మౌత్ గార్డ్: కూతకు అడ్డం రాకుండా అచ్చు తీసుకుంటేనే లాభం

విజయనగరం, శ్రీకాకుళంలో ఆట సామాన్ల కొట్లలో మౌత్ గార్డ్ (దెబ్బ తగలకుండా పళ్లకు తొడిగే ప్లాస్టిక్ కవచం) అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి కొన్నది కొన్నట్టే నోట్లో పెట్టుకునేది. రెండోది వేడినీళ్లలో మెత్తబరిచి, పళ్లతో కరిచి మన నోటి అచ్చుకు తెచ్చుకునేది. మొదటిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. నోరు తెరిస్తే జారిపోతుంది. అది పడిపోకుండా దవడ బిగబట్టుకుని ఆడుతుంటే ఊపిరి ఆడదు. రెండోదాంట్లో మామూలు రకం రెండు మూడు వందల్లో వస్తుంది. అచ్చు సరిగ్గా కుదిరితే ఆ డబ్బుకు అంతకన్నా మంచి వస్తువు లేదు.

కబడ్డీకి ఇదెందుకు అనేవాళ్లు ఇంకా ఉన్నారు. కార్నర్‌లో ఉన్నవాడు యాంకిల్ హోల్డ్‌కి, అంటే చీలమండ పట్టుకోడానికి, దూకితే రైడర్ మోకాలు తిన్నగా గడ్డానికే వస్తుంది. చైన్ పట్టి, అంటే చేతులు కలుపుకుని, ఇద్దరు ఒకేసారి మీద పడితే తలా తలా కొట్టుకుంటాయి. బంతితో పరిగెత్తేవాణ్ని పట్టి పడేసే రగ్బీ లీగ్‌లో అయితే మరీను. జట్టుకు 13 మంది, 80 నిమిషాల ఆట, ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకు. పట్టుబడ్డవాడు లేచి బంతిని కాలితో వెనక్కి తోస్తాడు, వెంటనే ఇంకో పట్టు. చెడుగుడు ఆడినవాళ్లకు ఈ ఆట బేగి అర్థమవుతుంది. మధ్యలో ఆడే ఫార్వర్డ్‌లు ఒక్క మ్యాచ్‌లో 30, 40 పట్లు పడతారు. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ పెద్ద పోటీ అయిన ఎన్ఆర్ఎల్‌లో కామెరాన్ స్మిత్ అలాంటి మ్యాచ్‌లు 430 ఆడాడు, అదీ పట్ల భారం ఎక్కువగా ఉండే హుకర్ స్థానంలో. ఆట మీదే బతకాలనుకునే కుర్రాళ్లు పళ్ల సంగతి మొదటి రోజు నుంచే చూసుకోవాలి.

ఇక అచ్చు తీసే పని. ముందు పొడిగానే పెట్టుకుని చూడండి. వెనక కొసలు తగిలి డోకు వస్తుంటే కత్తెరతో రెండు పక్కలా సమానంగా రెండు మూడు మిల్లీమీటర్లు కోయండి. మొదటి పెద్ద దవడ పన్ను మాత్రం గార్డ్ లోపలే ఉండాలి. నీళ్లు బాగా తెర్లాక స్టౌ ఆపి అర నిమిషం ఆగండి. గార్డ్‌ను జల్లిగరిటెలో పెట్టి ముంచండి. ఎన్ని సెకన్లన్నది డబ్బా మీద రాసి ఉంటుంది, చాలావాటికి 20 నుంచి 30. ఇంకాసేపు ఉంచితే మెత్తబడుతుందిలే అనుకుంటే గోడలు లోపలికి ముడుచుకుపోయి ఇక పనికిరాదు. బయటికి తీశాక నోరు కాలకుండా ఒక్క క్షణం చల్లనీళ్లలో తడిపి, అద్దం ముందు నిలబడి, గార్డ్ నడిమి గీత ముందరి రెండు పళ్ల సందుకు వచ్చేలా పై పళ్లకు ఎక్కించండి.

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. గట్టిగా కొరుకుతారు. పళ్లు అడుగుదాకా దిగిపోయి, దెబ్బ ఆపాల్సిన చోటే ప్లాస్టిక్ పల్చబడిపోతుంది. మెల్లగా కరవాలి. పెదాలు మూసి లోపలి గాలి, ఉమ్మి 20 సెకన్లు గట్టిగా పీల్చాలి. ఆ సమయంలోనే వేళ్లతో పెదాల మీంచి చిగుళ్ల వైపు, నాలుకతో అంగిలి వైపు నొక్కాలి. తర్వాత రెండు నిమిషాలు చల్లనీళ్లలో ఉంచండి. నోరు పూర్తిగా తెరిచినా ఊడిపడకపోతే కుదిరినట్టు. జారితే ఇంకోసారి ముంచవచ్చు. రెండు మూడుసార్లు దాటితే మాత్రం ప్లాస్టిక్‌కు పట్టు పోతుంది, కొత్తది కొనడమే.

కబడ్డీ వాళ్లు ఇంకో పరీక్ష చేయాలి, అదే ముఖ్యం. గార్డ్ పెట్టుకుని ఒక రైడ్ నిడివి, అంటే 30 సెకన్లు, కూత పెట్టండి. 'బ' నలిగితే పెదాలు కలవడం లేదని, అంటే ముందు గోడ మందంగా ఉందని. 'డ్డీ' నలిగితే నాలుక తగిలే లోపలి అంచు ఎక్కువైందని. ఏ వైపు ఇబ్బంది ఉంటే ఆ వైపే కొద్దిగా కోసి, కోసిన అంచును ఒక్క క్షణం వేడినీళ్లలో ముంచి వేలితో నున్నగా రుద్దండి. రిఫరీకి వినపడని కూత ఆగిపోయిన కూతే. అందుకే పై పళ్లకు, కింది పళ్లకు కలిపి వచ్చే గార్డ్ కబడ్డీకి పనికిరాదు.

ఒక్క విషయంలో కొట్లవాళ్ల మాట నమ్మవద్దు. ఇది పళ్లను, పెదాలను కాస్తుంది. తలకు తగిలే దెబ్బను ఆపుతుందని మాత్రం అనుకోకండి. ఎన్ఆర్ఎల్ జట్టు సిడ్నీ రూస్టర్స్ కెప్టెన్ బాయిడ్ కార్డ్‌నర్ 2021లో తల దెబ్బల వల్లే 29 ఏళ్లకు ఆట మానేశాడు. తల దెబ్బ ఖాయమైతే మామూలుగా 11 రోజులు ఆడనివ్వకూడదని ఎన్ఆర్ఎల్ నియమం పెట్టింది. మన ఊళ్లలో సంక్రాంతి పోటీల్లో కళ్లు తిరిగినవాణ్ని మొహం మీద నీళ్లు కొట్టి మళ్లీ కోర్టులోకి తోస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

పళ్లకు తీగలు కట్టించుకున్నవాళ్లు, పాలపళ్లు ఇంకా ఊడుతున్న పిల్లలు ఈ రకం కొనకండి. దంతవైద్యుడి దగ్గర కొలత ఇచ్చి చేయించుకోవాలి. దాని ఖర్చు వేలల్లో ఉంటుంది గానీ పట్టు, మాట తేట రెండూ దానివే. పై మెట్టు పోటీలకు వెళ్లేవాళ్లకూ అదే మేలు.

ఆట అయ్యాక చల్లనీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడిగి గాలి కన్నాలున్న డబ్బాలో పెట్టండి. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేస్తే ఒక్క మధ్యాహ్నానికే వంకర పోతుంది. కొరికిన చోట చిల్లు కనిపించినా, అంచు చీలినా పారేయాలి.

గార్డ్ లేకుండా ఆడుతూ పాలపన్ను కాని పన్ను ఊడితే, వేరును ముట్టకుండా పైభాగం పట్టుకుని తీయండి. మట్టి అంటితే పాలతో ఒకసారి తొలిపి, వీలైతే అదే గూట్లో పెట్టి గుడ్డ కరిపించండి. వీలుకాకపోతే పాలలో వేయండి. ఎలాగైనా అరగంటలో దంతవైద్యుడి దగ్గర ఉండాలి.