కుక్క చెవి మందు కొంటున్నారా? "సేమ్ అన్నా" అంటే తీసుకోకండి

డాక్టర్ రాసిన చుక్కల మందు స్టాక్ లేదని పెట్ షాపువాడు ఇంకో సీసా చేతిలో పెడితే అక్కడే తిరిగిచ్చేయండి. "రెండూ సేమ్ అన్నా, కంపెనీ ఒక్కటే తేడా" అని మాకూ చెప్పాడు. సేమ్ కాదు.

మా బంటి లాబ్రడార్. వాలిన చెవులు, పైగా వానాకాలం, లోపల తడి ఆరదు. ఎడమ చెవి చీము పట్టి పక్క గదిలోకి కూడా వాసన కొట్టేది. డాక్టర్ గారు లైటు పెట్టి చూసి కర్ణభేరికి చిల్లు పడిందన్నారు. చీము ల్యాబ్‌కి పంపి, సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు రాశారు. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్నవేవీ వేయొద్దని చీటీ మీదే రాసి కింద గీత గీశారు. చిల్లు గుండా అవి లోపలి చెవికి చేరితే వినికిడి పోవచ్చు, నడకలో పట్టు తప్పొచ్చు.

ఆ చీటీ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని మరీ షాపువాడు సీసా పంపాడు. అట్టపెట్టె లేదు. మందులో ఏమేం ఉన్నాయో రాసే చోట సరిగ్గా షాపు ధర స్టిక్కర్! బంటి తల ఒక పక్కకి వాల్చి తూలడం మొదలుపెట్టాక ఆస్పత్రిలో ఆ స్టిక్కర్ గోరుతో గీకితే కింద జెంటామైసిన్ కనబడింది. చీము లోపలికి పాకినా ఇలాగే తూలుతాయట, అంతా మందు వల్లేనని చెప్పలేమన్నారు డాక్టర్ గారు. కానీ ఆ చెవిలో పడకూడనిది పడింది.

తర్వాత ఇంట్లో నానా తంటాలు. గచ్చు మీద కాళ్లు జారిపోతుంటే హాలంతా పాత బొంతలు పరిచాం. గిన్నెలోకి తల వంచితే పడిపోయేది, అన్నం ముద్దలు చేసి నోటికి అందించాం. అసలు మందు సీసాని అరచేతుల మధ్య కాసేపు ఉంచి, చల్లదనం పోయాక చుక్కలు వేసి, చెవి మొదట్లో మెల్లగా పిసికేవాళ్లం. కుక్క చెవి గొట్టం లోపల వంపు తిరిగి ఉంటుంది కాబట్టి పిసక్కపోతే మందు కిందికి దిగదు. ఇయర్ బడ్స్ జోలికి అసలు వెళ్లొద్దు, చెత్తను ఇంకా లోపలికి తోస్తాయి.

ఇప్పుడు పరిగెడుతోంది, మెట్లూ ఎక్కుతోంది. తల మాత్రం కొంచెం ఎడమకే వాలి ఉంటుంది. అది అలాగే ఉండిపోవచ్చట.

షాపువాణ్ని అడిగితే "వాడిన సీసాకి డబ్బులు వాపసు ఇవ్వం" అన్నాడు. మేం అడిగింది డబ్బులా! బిల్లు మీద "ఇయర్ డ్రాప్స్" అని తప్ప మందు పేరు లేదు, బ్యాచ్ నంబరూ లేదు. జంతువుల మందులు అమ్మాలన్నా డ్రగ్ లైసెన్సు ఉండాలి. చాలా పెట్ షాపుల్లో బెల్టుల పక్కనే యాంటీబయాటిక్స్ కూడా వేలాడుతుంటాయి, ఎవరూ అడగరు. అడగండి. మందు పేరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్న బిల్లే తీసుకోండి. ప్యాకింగ్ మీద స్టిక్కర్ అతికించి ఉంటే షాపువాడి ముందే పీకించి చదవండి. అనుమానం వస్తే చుక్క వేసే ముందే లేబుల్ ఫోటో మీ డాక్టర్‌కి పంపండి.

మోసపోయినవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కీ రాసివ్వొచ్చు. సీసా, స్టిక్కర్, వాట్సాప్ మెసేజ్‌లు దేన్నీ పారేయకండి. నా ఫిర్యాదు నడుస్తున్నది వాటి మీదే.