చిన్న టార్చితో బెలూం, యాగంటి, అహోబిలం

నంద్యాల జిల్లాకు వెళ్ళేవాళ్ళు ఈ మూడింటినీ కలిపే చూస్తారు. మేమూ అంతే. కాకపోతే ఈసారి జేబులో కొత్త టార్చి ఉంది. బొటనవేలంత సైజు, బ్యాటరీ లోపలే, టైప్-సి ఛార్జింగ్, డబ్బా మీద 500 ల్యూమెన్లని (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) గొప్పగా రాసుంది.

బెలూంలో దానికి పెద్దగా పని పడలేదు. గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో మనల్ని తిరగనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. ఆ దారంతా లైట్లున్నాయి. అయితే ఆ పసుపు రంగు వెలుగులో రాయి అసలు రంగు తెలియదు. గుహలో కోటిలింగాలు అనే చోట టార్చి వేస్తే పైనుంచి వేలాడే రాళ్ళ నునుపు, చారలు స్పష్టంగా కనిపించాయి. లోపల ఉక్క మాత్రం చెప్పక్కర్లేదు, తువ్వాలు, నీళ్ళ సీసా ఉండాల్సిందే. యాగంటిలో అగస్త్యుడి గుహ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. అక్కడ కావాల్సింది మోకాళ్ళ బలం.

టార్చి సంగతి తేలింది అహోబిలంలో. దిగువ అహోబిలంలో ఒక సత్రంలో దిగాం. గది శుభ్రంగా ఉంది, భోజనం ఇంటి భోజనంలా ఉంది, అద్దె తక్కువ. కానీ గదికి ఒకటే ప్లగ్గు. ఫోన్లు పెట్టాలా, టార్చి పెట్టాలా? బ్యాటరీ లోపలే ఉన్న లైటుతో ఇదే చిక్కు. మా గైడు దగ్గరున్న పాత టార్చిలో ఛార్జి అయిపోతే కొట్లో రెండు సెల్లు కొని వేసుకుంటాడు. మనకు పవర్ బ్యాంకే గతి. వసతి ముఖ్యం అనుకుంటే పర్యాటక శాఖ వారి హరిత హోటల్ చూసుకోవచ్చు. స్వాతి నక్షత్రం రోజున, శనివారాల్లో రద్దీ ఎక్కువ, ముందే బుక్ చేసుకోండి.

కొండ పైన జ్వాలా నరసింహుణ్ణి చూసి వచ్చేసరికి ఆలస్యమైంది. భవనాశి ఏటి పక్క రాళ్ళ దారి, పైన చెట్ల గొడుగు, పొద్దు పూర్తిగా వాలకముందే చీకటి. ఫుల్లులో పెడితే ఒకటి రెండు నిమిషాలకే టార్చి వేడెక్కి, దానంతటదే వెలుగు తగ్గించుకుంది. ఇంత చిన్న లైట్లన్నీ చేసే పనే అది. 100 ల్యూమెన్ల దగ్గర ఉంచితే రాయి రాయీ కనిపించింది, వేడీ లేదు. క్లిప్పును టోపీ అంచుకు తగిలించాక ఒక చేతికి కర్ర, ఇంకో చేతికి అమ్మ చెయ్యి. ఇది ఉంది కదా అని చీకట్లో ఉగ్రస్తంభం కొండ ఎక్కే జోలికి మాత్రం పోకండి.

రాత్రి కరెంటు పోయినప్పుడు అన్నిటికంటే తక్కువ వెలుగే పనికొచ్చింది. ఎవరి నిద్రా చెడకుండా బాత్రూంకి వెళ్ళి రావచ్చు. కొనేవాళ్ళు 500, 1000 అంకెల కంటే ముందు ఈ చిన్న వెలుగు ఉందో లేదో, జేబులో నొక్కుకుపోకుండా లాక్ ఉందో లేదో చూడండి. కొన్ని వందల ఛార్జింగులయ్యాక బ్యాటరీ నీరసిస్తుంది, అప్పుడు లైటు మొత్తం మార్చాల్సిందే. అందుకే మరీ ఖరీదైనది వద్దంటాను. నంద్యాల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద అసలే వదలొద్దు.

పావన నరసింహుడి దగ్గరికి జీపులో వెళ్ళేవాళ్ళకు టార్చి అక్కర్లేదు. ఆ దారి కుదుపులకు నడుం బెల్టు తెచ్చుకోండి.